కవరైపేట్టైలో ఏ చిత్రము చూతము?

చెన్నపట్టణమునుండి గూడూరునకు పోవు ఇనుపదారిలో పొన్నేరి దాటిన పిమ్మట కవరైపేట్టై యను చిన్న స్టేషను వచ్చును. తరువాతిది గుమ్మిడిపూండి. అటుపై ఎళావూరు, ఆరంబాక్కము. అంతటితో తమిళనాడు ముగిసి, తడ స్టేషనుతో ఆంధ్రదేశము మొదలగును. 'కవరై' యనునది తమిళదేశమున తెలుగు బలిజలకు కలిగిన పేరు. ఆ పేరుతో వెలసిన పేట కథ యేమై యుండునో ఊహించుట కష్టము కాదని మా యభిప్రాయము. ఇంటిలో తెలుగును, వీధిలో తమిళమును పలుకు కుటుంబములు ఈ ప్రాంతమున నేటికిని కలవు.

ఇట్టి కుటుంబములో పనులు ముగిసిన సాయంకాలమున పుట్టు ప్రశ్న యొకటి కలదు: ఏ చిత్రము చూతము? గుంటూరువారికి గాని మధురవారికి గాని యిది కేవలము రుచికి సంబంధించిన ప్రశ్న. కవరైపేట్టైలో మాత్రము భాషకు సంబంధించిన ప్రశ్న కూడ. ఇచ్చట చిత్రము నెన్నుకొనుట యనగా, ఆ రాత్రి ఇంటిలో ఏ పలుకు వినబడవలెనో యెన్నుకొనుట. ఈ యెంపిక చూచువాని చేతిలోనే యున్నదని మనము సాధారణముగ తలంతుము. చరిత్రను తిరుగవేసి చూచినచో, చాలకాలము అది ఇతరుల చేతిలో నుండెనని తేలును. ఎవరెవరి చేతులలో నుండెనో ఇచ్చట కొంత విచారింతము.

మూకీల కాలమున భాషాభేదమే లేకుండెను. 1905లో తిరుచినాపల్లి రైల్వే యుద్యోగి స్వామికన్ను విన్సెంటు ఒక ఫ్రెంచి దొరయొద్ద ప్రదర్శనయంత్రమును కొని, డేరాతో ఊరూర తిరుగ నారంభించెను. బందరువాడైన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, చెన్నపట్టణమునందేగాక బర్మా, సింహళములందును బొమ్మల నాడించి వచ్చెను. 1914లో ఆయన కట్టించిన గెయిటీ, చెన్నపురిలో భారతీయునికి చెందిన తొలి సినిమాశాల. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'భీష్మప్రతిజ్ఞ' తీసెను. బొమ్మల నడుమ వచ్చు అక్షరములను చదువ నేర్చినవాడొకడు పైకి చదువుచుండగా, చదువురానివారు వినుచుండెడివారు. చదువువాడు తెలుగున చెప్పిన అది తెలుగు చిత్రము, తమిళమున చెప్పిన తమిళ చిత్రము. ఎల్లమీది పల్లెలకు ఇంతకంటె అనుకూలమైన యేర్పాటు మరల చాలకాలమునకు గాని రాలేదు.

1931 అక్టోబరు 31న చెన్నపట్టణమందలి కినిమా సెంట్రలులో 'కాళిదాస్' విడుదలయ్యెను. తమిళులు దీనిని తమ తొలి టాకీగా లెక్కింతురు. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి తెలుగువాడు. నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళమున మాటలాడగా నాయకుడు తెలుగున బదులు చెప్పెను! నాడు దీనిని వింతగా నెంచినవారు కలరు. తరువాత చరిత్ర వ్రాసినవారు నవ్వుకొనిరి. మాకు మాత్రము నవ్వు రాదు. పొన్నేరి తాలూకాలో సంతబేరము నేటికిని అట్లే జరుగును గదా! ఒకరు తమిళమున అడుగుదురు, ఒకరు తెలుగున చెప్పుదురు, వెల కుదురును. 1932 ఫిబ్రవరి 6న అదే హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వమున పూర్తి తెలుగు టాకీయైన 'భక్త ప్రహ్లాద' వెలువడెను. అంతటితో చిత్రములకు భాషలు పుట్టినవి, ప్రేక్షకులకు పంపకము మొదలైనది.

పెద్ద ఊళ్లకు శాశ్వత సినిమాశాలలు వచ్చినను, పల్లెలకు చిరకాలము టూరింగు టాకీసే గతి. నేలమీద ఇసుక పరచి, పైన డేరా కట్టి, ఒక్క యంత్రముతో ఆట నడపుదురు. రీలు మార్చునపుడెల్ల విరామమే. నేల, బెంచి, కుర్చీ అని తరగతులు. పొద్దు గ్రుంకగానే డేరా కొయ్యకు కట్టిన లౌడుస్పీకరులో భక్తిపాటల రికార్డు మ్రోగిన, అది టిక్కెట్లిచ్చుటకు గుర్తు. అంతకుముందు పగలంతయు బండికి ఇరువైపుల బొమ్మల పలకలు కట్టి, డప్పు వాయించుచు, రంగుకాగితముల నోటీసులు పంచెడివారు. పిల్లలు బండి వెంట పరుగిడి నోటీసులు తెచ్చెదరు. పెద్దలు వానిలోని పేర్లు చూతురు. ఎంపిక అనునది అంతమాత్రమే: పోవుటయా, మానుటయా. ఏ చిత్రము రావలెనో డేరా యజమాని ముందే నిర్ణయించియుండును. ఆయనకంటె ముందు పంపిణీదారు నిర్ణయించియుండును.

అయినను ఆ చిన్న యెంపికకును సాధనము లుండెను. వానిలో పాటల పుస్తకము మేటి. అణాకో రెండణాలకో దొరకు ఆ పలుచని పుస్తకమున నటీనటుల పేర్లును, కథాసంగ్రహమును, పాటలును ఉండెడివి. కథ మంచిపట్టున నుండగా తెగిపోయి, తరువాయి వెండితెరపై చూడుడని ముగియును. చూచుటకు ముందు కొన్నవారికి ఇది ఎంపికకు సాయము. చూచిన పిదప కొన్నవారికి జ్ఞాపకమునకు సాయము. తమిళ బడిలో చదివిన తెలుగు పిల్లవానికి ఇది వేరొక మేలుకూడ చేసెను. పాట ముందే నోటికి వచ్చియుండుటచేత, ఏ యక్షరము ఏ ధ్వనియో వ్రేలు పెట్టి పోల్చుకొనుచు పోయిన అక్షరములు వాటంతట అవే పట్టుబడును. పాటల పుస్తకమును బాలశిక్షగా ఎవరును ముద్రింపలేదు. అయినను అది బాలశిక్షయే. దానిని అంగళ్లలో అమ్మని కాలము వచ్చినపుడు ఎవరును విచారించినట్లును లేదు.

రెండవ సాధనము సంస్థ పేరు. నేడు జనులు నాయకుని పేరు చూచి పోదురు. నాడు చాలమంది పతాకమును చూచిరి. వాహినివారిది, విజయావారిది, భరణివారిది, అన్నపూర్ణవారిది అనిన చాలును. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన 'మల్లీశ్వరి'కి దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు వ్రాసెనన్న వార్తయే, సాహిత్యాభిమానులను సినిమాశాలకు నడిపించుటకు చాలియుండెను. రచయిత పేరు చూచి చిత్రము నెన్నుకొన్న కాలమది. ఆ యలవాటు పోయినందులకు మేము నిజముగ విచారించుచున్నాము.

ఎల్లమీది తెలుగువారికి పండుగవంటి కాలము 1950 తరువాతి పదియేండ్లు. తెలుగు చిత్రములును తమిళ చిత్రములును చెన్నపట్టణములోనే, పలుమారు ఒకే స్టూడియోలో, ఒకే సెట్టుమీద తయారయ్యెను. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల విజయా సంస్థ 'పాతాళభైరవి'ని 1951 మార్చిలో తెలుగునను, మే మాసమున తమిళమునను విడుదల చేసెను. 'దేవదాసు' 1953 జూనులో తెలుగునను, సెప్టెంబరులో తమిళమునను వచ్చెను; అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి రెండింటను వారే. 1955 సంక్రాంతికి వచ్చిన 'మిస్సమ్మ' మరియొక విధము. తెలుగున రామారావు ధరించిన పాత్రను తమిళమున జెమినీ గణేశన్ ధరించెను; నాగేశ్వరరావు పాత్రను హాస్యనటుడు తంగవేలునకు ఇచ్చిరి. సావిత్రియు జమునయు రెండింటను కలరు. 1957 మార్చి 27న వచ్చిన 'మాయాబజారు'నకు కొలది వారములలో తమిళరూపము వచ్చెను. అందు కృష్ణుడు రామారావే, ఘటోత్కచుడు రంగారావే. అభిమన్యుడు మాత్రము నాగేశ్వరరావునకు బదులు జెమినీ గణేశన్.

ఈ రెండేసి రూపములను రెండింటిని చూచి పోల్చగల భాగ్యము ఎవరికి? రాజమహేంద్రవరము వారికి తమిళరూపము రాదు, తంజావూరువారికి తెలుగురూపము రాదు. రెండు భాషలును వచ్చి, రెండును అందుబాటులో నుండుట చెన్నపట్టణమునకును దాని చుట్టుపట్టులకును కలిగిన ప్రత్యేకత. ఒకే కథ, ఒకే సెట్టు, ఒకే రాగము. మారినవి మాటలు, కొన్ని ముఖములు. అపుడుగదా మాటవలన ఎంత కలుగుచున్నదో తెలియుట! పింగళి నాగేంద్రరావు 'మాయాబజారు'లో అస్మదీయులను 'అసమదీయులు' చేసి, వారికి సరిజోడుగా 'తసమదీయుల'ను సృష్టించెను. ఇట్టి పదమును వేరొక భాషలోనికి తెచ్చుట యసాధ్యము. అచ్చట వేరొక చమత్కారమును పుట్టింపవలసినదే. రెండు రూపములు చూచినవాడు ఏది అనువాదమునకు లొంగునో, ఏది లొంగదో ఎవరును చెప్పకయే నేర్చును. విశ్వవిద్యాలయములలో తులనాత్మక సాహిత్యమని చెప్పు పాఠమును ఈ పల్లెలవారు నేలటిక్కెట్టుమీద కూర్చుండి నేర్చిరనిన అతిశయోక్తి కాదు.

ఇంతలో దేశపటము మారెను. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. సరిహద్దుల వివాదమును పటాస్కర్ విచారించి తీర్పు చెప్పగా, 1959లో చట్టము చేసి 1960 ఏప్రిల్ 1నుండి అమలుపరచిరి. తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు పోయెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు వచ్చెను. కవరైపేట్టై చెంగల్పట్టు జిల్లాలోనే నిలిచెను. 1997లో ఆ జిల్లాను విభజింపగా తిరువళ్లూరు జిల్లాలో చేరెను. ఈ చరిత్రను రాజకీయముగ చాలమంది వ్రాసిరి. సినిమా వ్యాపారమునకు దీనితో గల సంబంధమును గూర్చి వ్రాసినవారు తక్కువ.

సినిమా పంపిణీదారులకు వేరొక దేశపట మున్నది. తెలుగుదేశమును వారు నైజాము, సీడెడు, ఆంధ్ర, నెల్లూరు అని పంచుకొందురు. నైజాము ప్రభుత్వము 1948లో పోయెను. నైజామువారు కుంపిణీకి జిల్లాలు ధారపోసిన సంగతి 1800 నాటిది. అయినను చిత్రముల లెక్కలలో నైజామును సీడెడును చెక్కుచెదరక యున్నవి! తమిళదేశమునను ఇట్లే ఉత్తరార్కాడు, దక్షిణార్కాడు, చెంగల్పట్టు అను మూడింటి ఇంగ్లీషు తొలి యక్షరములు కలిపి ఎన్.ఎస్.సి. అందురు. ఆ పంపకమున కవరైపేట్టై చెంగల్పట్టు కింద ఎన్.ఎస్.సి.లో పడెను. ఎగువన కొన్ని స్టేషనుల దూరములో నున్న తడ నెల్లూరు కింద పడెను. 2022లో తడయు సూళ్లూరుపేటయు తిరుపతి జిల్లాలో కలిసినను వ్యాపారపు వాడుకలో నెల్లూరే. తమిళచిత్రపు హక్కులు కొన్న పంపిణీదారు తన ప్రాంతమున దానిని సాధ్యమైనన్ని శాలలలో ఆడించును. తెలుగు చిత్రమునకు ఆ వైపున కొనువాడు దొరికినపుడే చోటు. ఊరిలో తెలుగువా రెందరని అతడు లెక్కింపడు. జిల్లా ఏ గీతకు ఏ వైపున నున్నదని చూచును. భాషారాష్ట్రముల గీతకంటె ఈ గీతయే ఇంటింటికి ఎక్కువగ తగిలెనని మా తలపు.

తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగ హైదరాబాదునకు తరలిపోవుటయు ఆ కాలమందే జరిగెను. 1976లో అన్నపూర్ణా స్టూడియో హైదరాబాదులో వెలసినది మొదలు ఆ తరలింపు వేగవంతమై, రెండు దశాబ్దులలో ఇంచుమించు పూర్తియయ్యెను. ఒకే సెట్టుమీద రెండు భాషలను తీయు పద్ధతి సన్నగిల్లెను. దాని స్థానమున డబ్బింగు వచ్చెను. తెలుగున తొలి డబ్బింగు చిత్రము 1950లో వచ్చిన 'ఆహుతి'. దానికి మాటలు, పాటలు వ్రాసినవాడు శ్రీశ్రీ. అంతటి కవి చేపట్టిన విద్య తరువాత పెదవుల కదలికకు మాటలు కొలిచి యతుకు పనిగా దిగజారుట మనము చూచినదే.

అయినను జనులు ఇష్టపడిన గీత చెరిగిపోవునని చూపిన చిత్రమొకటి 1978లో వచ్చెను. కె. బాలచందర్ తీసిన 'మరోచరిత్ర' విశాఖపట్టణమున నడచు కథ. తమిళ యువకుడు కమలహాసన్, తెలుగు యువతి సరిత. ఒకరి మాట ఒకరికి రాదు. అది తమిళమునకు మార్పక, తెలుగుననే చెన్నపట్టణమందలి సఫైరు సినిమాశాలలో ఏడాదికి పైగా ఆడెను. 'కాళిదాస్' చేసిన పనిని నలువది యేడేండ్ల తరువాత ఇది తెలిసి చేసెను. 1980లో వచ్చిన 'శంకరాభరణము' పాటలు తెలుగుననే తమిళులను అలరించెను. ఈ రెండింటిని చూచుటకు కవరైపేట్టైవారు రైలెక్కిన చాలును. సుమారు నలుబది కిలోమీటర్లు.

ఏ చిత్రము మంచిదో చెప్పు పత్రికలు ఆ కాలమున పెక్కు. 'ఆంధ్రపత్రిక'లో ముళ్లపూడి వెంకటరమణ వ్రాసిన సమీక్షలను చిత్రము చూడనివారు కూడ చదివిరి. కొడవటిగంటి కుటుంబరావు సినిమాను శాస్త్రవిషయమువలె విమర్శించెను. 1966లో చెన్నపట్టణమునుండి 'విజయచిత్ర', 1976లో 'సితార', మరుసటి యేట 'జ్యోతిచిత్ర' వచ్చెను. ఇవి చదువుటకు తెలుగు చదువ వచ్చియుండవలెను గదా! ఈ మాట తరువాత మరల పనికి వచ్చును.

టెలివిజనును గూర్చి సంగ్రహముగ చెప్పిన చాలును. 1975 ఆగస్టు 15న మద్రాసు దూరదర్శన కేంద్రము, 1977 అక్టోబరు 23న హైదరాబాదు కేంద్రము ప్రారంభమయ్యెను. మద్రాసు ప్రసారము కవరైపేట్టైకి అందును, హైదరాబాదు ప్రసారము అందదు. శుక్రవారపు రాత్రి 'ఒలియుం ఒళియుం' పాటలు. ఆదివారము తమిళ చిత్రము. ఇచ్చట ఎంపిక లేదు, గోపురము ఎంపిక చేసెను. 1987లో హిందీ 'రామాయణము' వచ్చినపుడు తమిళులును తెలుగువారును సమానముగ భాష తెలియకయే చేతులు జోడించి చూచిరి. అది మూకీల కాలపు సమానత్వమే. 1993లో సన్ టీవీ, 1995లో జెమినీ, ఈటీవీలు ఉపగ్రహముద్వారా రాగా, ముప్పదియేండ్లలో తొలిసారి ఈ యింటికి తెలుగు ఏ గీతతోను నిమిత్తము లేక నేరుగ వచ్చెను. 1999లో రాధిక నటించిన 'చిత్తి' ధారావాహిక సన్ టీవీలో మొదలై, 'పిన్ని' పేర జెమినీలో తెలుగున వచ్చెను. కథ ఒక్కటే, అత్త ఒక భాషలో, కోడలు మరియొక భాషలో చూడవచ్చును. పెట్టె ఒక్కటే యగుటచేత తగవు మాత్రము తప్పలేదు.

సినిమాశాలలో నెవ్వరి చేయి పైనున్నదనిన, పన్నుది కూడ నున్నదని చెప్పవలెను. మద్రాసు వినోదపు పన్ను చట్టము 1939 నాటిది. 2006లో తమిళనాడు ప్రభుత్వము తమిళపు పేర్లు గల తమిళచిత్రములకు ఆ పన్ను మినహాయించెను. 2017లో స్థానికసంస్థల పన్నును నిర్ణయించునపుడు క్రొత్త తమిళ చిత్రములకు నూటికి పదియు, ఇతర భారతీయ భాషల చిత్రములకు ఇరువదియు అని మొదట ప్రకటించిరి. తన భాషను పోషించుకొనుట ఏ ప్రభుత్వమునకైన న్యాయమే. మేము తప్పు పట్టము. కాని ఆ రాష్ట్రముననే పుట్టి పెరిగిన తెలుగువాని చిత్రమునకు అదే ధర్మము ఎదురు తిరుగును. దీనికి ప్రతిగా అన్నట్లు, 2019 ఆగస్టు చివర 'సాహో' చిత్రముతో సూళ్లూరుపేటవద్ద రాజమార్గము ప్రక్కన సుమారు నూరడుగుల వెడల్పుగల తెరతో ఒక శాల తెరచిరి. కవరైపేట్టైకి చెన్నపట్టణము దక్షిణమున ఎంత దూరమో సూళ్లూరుపేట ఉత్తరమున ఇంచుమించు అంతే దూరము. సంక్రాంతినాడు రెండు వైపులను క్రొత్త చిత్రములు. దక్షిణమున తమిళము, ఉత్తరమున తెలుగు. ఏ వైపు బండి ఎక్కుట యనునదే ఎంపిక.

ఇపుడు ఆ బండికూడ ఎక్కనక్కర లేదు. 2020 ఉగాదికి తెలుగునకే ప్రత్యేకమని 'ఆహా' వచ్చెను. 2022 తమిళ సంవత్సరాదికి అదియే తమిళమునకును శాఖ తెరచెను. రెండు భాషల నిర్మాణము 2015లో 'బాహుబలి'తో తిరిగివచ్చెను. 2024 నియమముల ప్రకారము పెద్దల మార్గదర్శకత్వమున పిల్లలు చూడదగిన చిత్రములకు ఏడు, పదమూడు, పదునారు వయస్సుల గుర్తులుకూడ వేయుచున్నారు. చేతిపెట్టెలో వేలకొలది చిత్రములు, ఏ భాష కావలెనన్న ఆ భాష. ఎట్టకేలకు ఎంపిక చూచువాని చేతికి వచ్చెనని సంతోషింపవలసిన తరుణమిది.

అయినను మాకొక శంక. 2006లో తమిళనాడు చేసిన చట్టమువలన తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగ నిర్బంధ పాఠ్యమై, 2015-16 నాటికి పదవ తరగతిని చేరెను. తమిళము నేర్చుట మేలే. మన పెద్దలు రెండును నేర్చిరి. రెండవది మాత్రము ఇపుడు జారిపోవుచున్నది. తెలుగు చదువరాని బాలునకు పత్రిక లేదు, సమీక్ష లేదు, పాటల పుస్తకము లేదు. అతనికి మిగిలిన తెలుగు చెవికి వచ్చు తెలుగే. అందు ఇంటి మాట తరువాత చెప్పదగినది సినిమాయే. ఆ సినిమాను ఎన్నుకొనునది ఎవరు? ఇపుడు యంత్రము. ఆ యింటి ఖాతాలో ఎవరు ఎక్కువసేపు చూచిరో, వారు చూచినదానివంటిదే అది మరల మరల ముందుంచును. పిల్లలు గంటలకొలది చూతురు; తాత వారమునకు ఒక చిత్రము. తాత కూర్చుండి తెర తెరచునప్పటికి తమిళము, హిందీ, ఇంగ్లీషు, కొరియా కథలు బారులు తీరియుండును. తెలుగు నాలుగవ వరుసలో. పంపిణీదారుని గీతనైనను పటమున చూపవచ్చును, దీనిని చూపలేము.

దీనికి పెద్ద ఉపాయము లక్కరలేదు. ఒకే ఖాతాలో పెద్దల పేర వేరు గది యేర్పరచుకొను సదుపాయము చాల సంస్థలు ఇచ్చుచున్నవి. దానిలో తెలుగుననే వ్రాయబడి తెలుగుననే తీయబడిన చిత్రములను చూచుచు పోయిన, కొలది వారములలో యంత్రము తన వరుసను మార్చుకొనును. డబ్బింగు చిత్రమును, నేరుగ తెలుగున తీసిన చిత్రమును వేరుచేసి చూచుట ఈ యెంపికలో మొదటి మెట్టు. మాటలు వ్రాసినవాని పేరు చూచుట రెండవది. మొదటి చిత్రముగ 'మిస్సమ్మ' నుంచవచ్చును. ఉద్యోగము కొరకు భార్యాభర్తలుగ నటించు ఇరువురు నిరుద్యోగుల కథ నేటి పిల్లలకును తెలియని విషయము కాదు. దాని తమిళరూపమును మరునాడు చూపుడు. రామారావు మేలా, జెమినీ గణేశన్ మేలా, తంగవేలు అక్కినేనికి సాటియా అని వారు వాదులాడుకొందురు. ఆ వాదము తమిళముననే జరుగవచ్చును. అయినను, అక్కినేని మాటను ఒప్పించుటకు వారు దానిని తెలుగుననే పలుకవలసి వచ్చును.